టైట్‌లైన్ నింఫింగ్‌కి లీడర్ కట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, నాలుగు రోజులు సెలవు దొరికితే నీలగిరికో హిమాచల్‌కో ట్రౌట్ అనే చల్లటి నీళ్ల చేప కోసం బయలుదేరే తెలుగువాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. వాళ్లు కొత్తలో అడిగే ప్రశ్నలు ఇవి. రాడ్ గురించి, రీలు గురించి అమ్మేవాళ్లు ఎంతైనా చెబుతారు. లీడర్ దగ్గరికి, అంటే రీలు నుంచి వచ్చే లావు దారానికీ (ఫ్లై లైన్) కొక్కెం మీద కట్టిన నకిలీ పురుగుకీ (ఫ్లై) మధ్య కట్టే సన్న దారం దగ్గరికి వచ్చేసరికి ఒక ప్యాకెట్ చేతిలో పెట్టి పంపేస్తారు. ఈ పద్ధతిలో చేప పడుతుందా లేదా అన్నది చాలావరకు లీడరే తేలుస్తుందని నా నమ్మకం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

టైట్‌లైన్ నింఫింగ్ అంటే ఏమిటి?

మేఫ్లై, స్టోన్‌ఫ్లై, క్యాడిస్ లాంటి పురుగులు రెక్కలు రాకముందు నీటి అడుగున రాళ్ల సందుల్లో బతుకుతాయి. వాటి పిల్ల రూపాన్నే ఫ్లైతో చేపలు పట్టేవాళ్లం నింఫ్ అంటాం. ట్రౌట్ తిండిలో ఎక్కువ భాగం అక్కడే, అడుగునే దొరుకుతుంది. టంగ్‌స్టన్ పూస వేసి కట్టిన నకిలీ నింఫ్‌ను అడుగుకు దించి, రాడ్ కొన నుంచి దాని దాకా దారం బిగువుగా ఉంచుతూ, ప్రవాహం నడిచే వేగానికే నడిపించడం ఈ పద్ధతి. ఫ్లై లైన్ నీటి మీద పడదు. బెండు ఉండదు.

పోలండ్, చెక్ పోటీదారుల చేతుల్లో ఇది పేరు తెచ్చుకుంది. 1989 ప్రపంచ ఫ్లై ఫిషింగ్ పోటీల్లో పోలండ్‌కు చెందిన వ్లాదిస్వాఫ్ ట్జెబున్యా గెలిచాక మిగతా దేశాలవాళ్లు దీన్ని శ్రద్ధగా చూడటం మొదలుపెట్టారు. మొదట్లో రాడ్ కిందే, కాళ్ల దగ్గరే వేటాడేవాళ్లు. తేటనీళ్లలో అంత దగ్గరికి వెళితే చేప బెదిరిపోతుంది కాబట్టి, ఫ్రాన్స్, స్పెయిన్ వాళ్లు పొడవాటి లీడర్లతో దూరం పెంచారు. మనం కట్టబోయేది ఆ పొడవాటి రకమే.

మా ఊళ్లో కాలవ గట్టున గాలం వేసిన అలవాటు ఉంది. అది పనికొస్తుందా?

చాలా పనికొస్తుంది. బెండు లేకుండా, దారాన్ని చూపుడువేలి మీద ఆనించుకుని జెల్ల కొరికిందో కొరమీను తడిమిందో వేలితోనే కనిపెట్టినవాళ్లకు ఇక్కడ సగం విద్య వచ్చినట్టే. బిగువుగా ఉన్న దారం కబురు మోస్తుంది, వదులుగా ఉన్న దారం మోయదు. తేడా ఒక్కటే. అక్కడ ఎర ఒకచోట కూర్చుంటుంది, ఇక్కడ ఫ్లై ఎప్పుడూ కదులుతూ ఉంటుంది. అందుకని వేలితో పాటు కన్ను కూడా పనిచేయాలి. కంటి కోసం పెట్టేదే సైటర్ అనే రంగు దారం. దాని గురించి కింద రాశాను.

షాపులో దొరికే 9 అడుగుల టేపర్డ్ లీడర్ పెట్టుకుంటే సరిపోదా?

సరిపోదు. ఆ లీడర్ చేసే పని వేరు. మామూలు ఫ్లై ఫిషింగ్‌లో బరువు ఫ్లై లైన్‌లో ఉంటుంది. లైన్ గాల్లో విప్పుకుంటూ పోతే, ఆ ఊపును ఈకంత ఫ్లై దాకా చేర్చడానికి లావు నుంచి సన్నానికి తగ్గే లీడర్ కావాలి. టైట్‌లైన్‌లో బరువు ఫ్లైలోనే ఉంది. లీడర్ 9 అడుగులే ఉంటే, కాస్త దూరం వేయగానే ఫ్లై లైన్ రాడ్ కొన దాటి బయటికి వస్తుంది. వచ్చిందంటే కథ మారిపోతుంది. ఎందుకో తరువాతి జవాబులో ఉంది.

దారం బరువుకు ఇంత ప్రాముఖ్యం ఎందుకు?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

రాడ్ కొన దగ్గర మొదలై నీటిని తాకేదాకా దారం గాల్లో వేలాడుతూ ఉంటుంది. దానికి బరువు ఉంది కాబట్టి మధ్యలో కిందికి కుంగుతుంది, ఎత్తున ఎగిరే గాలిపటం దారం పొట్ట వేసినట్టు. ఆ కుంగిన దారం ఊరికే ఉండదు. ఫ్లైను మీ వైపు లాగుతూ ఉంటుంది. ఫ్లై అడుగు వదిలి పైకి లేస్తుంది, నడవాల్సిన దారి తప్పి మీ కాళ్ల వైపు జరుగుతుంది. ట్రౌట్ దాన్ని చూస్తుంది కానీ ముట్టుకోదు, ఎందుకంటే నిజమైన పురుగు ప్రవాహానికి అడ్డంగా ఈదదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. నాలుగో నంబరు ఫ్లై లైన్ మొదటి 30 అడుగులు 120 గ్రెయిన్లు తూగాలని ప్రమాణం. అంటే మీటరుకు దాదాపు 0.85 గ్రాములు. 0.43 మి.మీ. నైలాన్ మీటరుకు సుమారు 0.17 గ్రాములు. 0.25 మి.మీ. నైలాన్ అయితే 0.06 గ్రాముల లోపే. 3 మి.మీ. టంగ్‌స్టన్ పూస బరువు సుమారు 0.2 గ్రాములు. మూడు మీటర్ల ఫ్లై లైన్ బయట ఉంటే రెండున్నర గ్రాములు దాటుతుంది. అది ఆ చిన్న పూసను ఎలా లాగుతుందో వేరే చెప్పక్కర్లేదు. మూడు మీటర్ల 0.43 నైలాన్ అర గ్రాము. ఇది కూడా పూసకంటే ఎక్కువే. అదే 0.25 అయితే పూస బరువుకు కొంచెం తక్కువగా ఉంటుంది. అప్పుడు ఫ్లై తన చోట తాను నిలుస్తుంది.

దారం మందం రెట్టింపైతే బరువు నాలుగు రెట్లు అవుతుంది. అందుకే మందంలో రవ్వంత తేడాకు పోటీదారులు అంత పట్టింపు చూపిస్తారు. అది ఛాదస్తం కాదు.

అలాంటప్పుడు మొదటి నుంచీ అతి సన్నని దారమే కట్టుకోవచ్చు కదా?

కట్టుకోవచ్చు. కానీ విసరలేరు. సన్న దారంలో ఊపు నిలవదు, చేతికి బరువు తెలియదు, కొంచెం గాలి వీచినా పక్కకు కొట్టుకుపోతుంది. తేలికపాటి ఫ్లై అయితే అసలు ముందుకే పోదు. లావు దారం కొంతవరకు ఫ్లై లైన్‌లా ప్రవర్తిస్తుంది, విసురు తప్పినా కాపాడుతుంది. ప్రతి లీడరూ ఈ రెంటి మధ్య ఒక రాజీ. నా సలహా ఇది: లావుగా మొదలుపెట్టండి. చెయ్యి కుదిరాక, నెలలు పట్టినా సరే, ఒక్కో మెట్టు సన్నబడండి.

లీడర్‌లో ఏయే భాగాలు ఉంటాయి?

రీలు వైపు నుంచి చెబుతాను. ముందు బట్, అంటే పొడవాటి మొదలు భాగం. తరువాత దాన్ని సన్నం చేసే ఒకటి రెండు ముక్కలు. ఆ తరువాత సైటర్. సైటర్ చివర చిన్న టిప్పెట్ రింగ్. రింగ్ నుంచి ఫ్లై దాకా టిప్పెట్ అనే చివరి సన్న దారం, నీళ్లలోకి వెళ్లేది దాదాపు ఇదొక్కటే.

మొదటిసారి కట్టేవాళ్లకు కొలతలు చెప్పండి.

10 అడుగుల రాడ్‌కి నేను చెప్పే కొలతలు:

0.43 మి.మీ. నైలాన్ — 8 అడుగులు
0.33 మి.మీ. నైలాన్ — 3 అడుగులు
0.30 మి.మీ. నైలాన్ — 2 అడుగులు
0.25 మి.మీ. రంగు నైలాన్, సైటర్ — 2 అడుగులు
2 మి.మీ. రింగ్
5ఎక్స్ (మందం నంబరు, కింద చెప్పాను) ఫ్లోరోకార్బన్ టిప్పెట్ — 5 అడుగులు

మొత్తం 20 అడుగులు. అంతర్జాతీయ పోటీల నియమం ప్రకారం లీడర్ రాడ్ పొడవుకు రెండింతలు దాటకూడదు. మనం పోటీలకు వెళ్లకపోయినా ఈ హద్దు బాగుంది. అంతకంటే పొడవైతే చేపను వలలోకి తెచ్చేటప్పుడు సైటర్ ముడులు, మొదలు ముడులు అన్నీ రాడ్ గైడ్లలోకి (దారం వెళ్లే చిన్న కడియాల్లోకి) దూరి ఇబ్బంది పెడతాయి.

బట్‌కి కొంచెం బిరుసుగా ఉండే నైలాన్ మంచిది. మాక్సిమా కమీలియన్ అనే కంపెనీ దారాన్ని చాలామంది వాడేది అందుకే. అందులో 20 పౌండ్లది 0.43, 12 పౌండ్లది 0.33, 10 పౌండ్లది 0.30, 8 పౌండ్లది 0.25 మి.మీ. ఉంటుంది. ముక్కలు కోసేటప్పుడు ముడికి ఒక్కోవైపు నాలుగైదు అంగుళాలు అదనంగా ఉంచుకోండి.

చెయ్యి కుదిరాక కట్టుకునే సన్నది?

0.25 మి.మీ. నైలాన్ ఒకే ముక్క 12 అడుగులు, 0.20 మి.మీ. సైటర్ 2 అడుగులు, రింగ్, 6ఎక్స్ టిప్పెట్ 6 అడుగులు. మధ్యలో ముడులు లేవు, కుంగుడు చాలా తక్కువ, 2.5 మి.మీ. పూస ఉన్న చిన్న ఫ్లైని కూడా దూరంగా, నిదానంగా నడిపిస్తుంది. ఎండాకాలంలో నీళ్లు తగ్గి, చేపలు బెదురుగా ఉన్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. గాలి గట్టిగా ఉన్న రోజు మాత్రం మొదటిదే బయటికి తీయండి. నేను రెండూ సంచిలో ఉంచుకుంటాను, పాత సెలైన్ ట్యూబు ముక్కకు చుట్టి.

నైలానా, ఫ్లోరోకార్బనా?

రింగ్ పైన నైలాన్, రింగ్ కింద ఫ్లోరోకార్బన్.

ఫ్లోరోకార్బన్ సాంద్రత సుమారు 1.78, నైలాన్‌ది 1.14. నీళ్లలో మునగడానికి ఆ బరువు మంచిదే. కానీ అదే బరువు గాల్లో వేలాడే భాగంలో ఉంటే కుంగుడు ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఖరీదైనది కదా అని లీడర్ మొత్తం ఫ్లోరోకార్బన్‌తో కట్టేవాళ్లను చూశాను. డబ్బు పోసి తమ ఫ్లైను తామే లాక్కుంటున్నారు. పైగా ఫ్లోరోకార్బన్ నీళ్లు పీల్చుకోదు, రాళ్ల రాపిడికి బాగా ఓర్చుకుంటుంది. నైలాన్ తడిస్తే బలం కొద్దిగా తగ్గుతుంది, ఎండలో ఉంచితే పాడవుతుంది. మన కార్లలో డ్యాష్‌బోర్డు మీద పెట్టి వదిలేయకండి.

5ఎక్స్, 6ఎక్స్ అంటే మందమా, బలమా?

మందం. 11 లోంచి ఆ అంకె తీసేస్తే అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం వస్తుంది. 5ఎక్స్ అంటే 11 నుంచి 5 పోగా 6, అంటే 0.006 అంగుళం, 0.15 మి.మీ. 6ఎక్స్ దాదాపు 0.13 మి.మీ. బలం కంపెనీని బట్టి మారుతుంది.

టిప్పెట్ ఎంత పొడవు ఉండాలి? లావుదైతే తెగదు కదా?

నీటి లోతుకు ఒకటింపావు నుంచి ఒకటిన్నర రెట్లు. మూడడుగుల నీళ్లకు నాలుగు, నాలుగున్నర అడుగులు. సైటర్ నీటిలో మునగకూడదు, నీటికి కొద్దిగా పైన నిలవాలి. టిప్పెట్ పొట్టిదైతే సైటర్ మునిగిపోతుంది, మరీ పొడవైతే సైటర్‌కీ ఫ్లైకీ సంబంధం తెగిపోతుంది.

లావు విషయానికి వస్తే, వాగులో పైనీళ్ల వేగం, అడుగునీళ్ల వేగం ఒకటి కావు. అడుగున రాళ్లు నీటిని నిలబెడతాయి, పైన అడ్డు ఉండదు. టిప్పెట్ ఆ వేగంగా పోయే పొర గుండానే కిందికి దిగాలి. లావు టిప్పెట్‌ను ప్రవాహం గట్టిగా పట్టుకుని ఫ్లైను ముందుకు, పైకి ఈడ్చుకుపోతుంది. సన్నది ఆ పొరను కోసుకుంటూ దిగుతుంది. అందుకే ఫ్లై అడుగుకు చేరడం లేదనిపిస్తే బరువైన ఫ్లై వేసేముందు టిప్పెట్ ఒక నంబరు సన్నం చేసి చూడండి. చాలాసార్లు అదే చాలు. మరీ బరువైన పూస రాళ్ల మధ్య ఇరుక్కుని ఆ టెన్షన్‌లో రోజంతా గడిచిపోతుంది.

ఇంకోటి. ఏదైనా ఇరుక్కుని తెగాల్సి వస్తే టిప్పెట్టే ముందు తెగాలి. లీడర్ మొత్తంలో అదే బలహీనంగా ఉండాలి.

సైటర్ ఏ రంగు మంచిది?

ఒక్క రంగు ఎప్పుడూ సరిపోదు. షోలా అడవి నీడలో, నల్లటి రాళ్ల ముందు చిలకాకుపచ్చ, పసుపు బాగా కనిపిస్తాయి. నీలగిరిలో తరచూ కమ్మే మంచులో, నీళ్లు తెల్లగా మెరిసే చోట అవే రంగులు మాయమైపోతాయి. అక్కడ నలుపు తేటగా కనిపిస్తుంది. అందుకని ఒక అడుగు పసుపు, ఒక అడుగు గులాబీ లేదా నారింజ ముడివేసి, పసుపు మీద పర్మనెంట్ మార్కర్‌తో రెండు మూడు చోట్ల అంగుళం మేర నల్ల పట్టీలు పెట్టండి. ప్రత్యేకంగా అమ్మే రెండు రంగుల సైటర్ దొరక్కపోతే మెరిసే రంగు నైలాన్ ఏదైనా 0.25 మి.మీ.ది తీసుకోవచ్చు.

సైటర్‌లో చూడాల్సింది పెద్ద కుదుపు కాదు. ప్రవాహంతో నడుస్తున్నది ఒక్క క్షణం ఆగడం, వంకర చటుక్కున సాగడం, పక్కకు రవ్వంత జరగడం. అలా కనిపిస్తే మణికట్టుతో చిన్నగా ఎత్తండి. రాయి కావచ్చు, చేప కావచ్చు, ఎత్తితేనే తెలుస్తుంది.

ఏ ముడులు నేర్చుకోవాలి?

నైలాన్ ముక్కలు కలపడానికి బ్లడ్ నాట్. రెండు కొసలు ఎదురెదురుగా పెట్టి, ఒక్కోటి రెండోదాని చుట్టూ ఐదు మెలికలు తిప్పి, కొసలు రెండూ మధ్య సందులోంచి చెరోవైపు నుంచి దూర్చాలి. లావు దారానికి నాలుగు మెలికలు చాలు. ఉమ్మితో తడిపి, నెమ్మదిగా లాగి బిగించండి. పొడిగా లాగితే వేడికి దారం కమిలిపోయి బలం పోతుంది. కొసలు ముడికి ఆనించి కత్తిరించాలి, లేకపోతే గైడ్లలో తట్టుకుంటాయి.

రింగ్‌కి క్లించ్ నాట్. ఫ్లై లైన్‌కి బట్ కలపడానికి నీడిల్ నాట్ నేర్చుకోండి. అది కష్టంగా అనిపిస్తే నెయిల్ నాట్. లూపులో లూపు వేసి కలపడం సులువే కానీ, ఆ గడ్డ గైడ్లలోంచి వెళ్లేటప్పుడు ప్రతిసారీ తగులుతుంది. ఈ పద్ధతిలో ఆ కలిసేచోటు రోజంతా రాడ్ లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంటుంది.

రింగ్ తప్పనిసరా?

కాదు, కానీ పెట్టుకోండి. ఫ్లై మార్చిన ప్రతిసారీ టిప్పెట్ తగ్గుతుంది. రింగ్ ఉంటే టిప్పెట్ ఒక్కటే మార్చొచ్చు, సైటర్ పొడవు తగ్గదు. కట్టేటప్పుడు రింగ్‌ను ప్యాకెట్ క్లిప్పు నుంచి తీయకుండానే మొదటి ముడి వేయండి. వాగు ఒడ్డున కింద పడితే మళ్లీ దొరకదు.

రెండు ఫ్లైలు కట్టాలంటే?

టిప్పెట్ మధ్యలో ట్రిపుల్ సర్జన్స్ నాట్ వేసి, ఒక కొస ఐదారు అంగుళాలు వదలండి. దానికే రెండో ఫ్లై. రెండు కొసల్లో కిందికి చూసేది, అంటే పై ముక్కకు కొనసాగింపుగా వచ్చేదే వాడాలి. అప్పుడు చేప లాగినా ముడి విప్పుకునే దిశలో బలం పడదు. ఫ్లైల మధ్య కనీసం 50 సెం.మీ. ఉండాలి, పోటీ నియమం కూడా అంతే. బరువైనది కింద. కొత్తలో మాత్రం ఒక్క ఫ్లైతోనే వేటాడండి. రెండు ఫ్లైల చిక్కు విప్పడంలో చేపలుండే మంచి చోట్లన్నీ దాటిపోతాయి.

బెంగళూరులో సామాన్లు, ప్రాక్టీసు ఎలా?

బట్‌కి పనికొచ్చే నైలాన్ మామూలు గాలం సామాన్ల షాపుల్లో ఉంటుంది. ప్యాకెట్ మీద రాసిన మందాన్ని నమ్మకండి. డిజిటల్ కాలిపర్‌తో కొలవండి. టిప్పెట్, రింగులు ఫ్లై ఫిషింగ్‌వే ఆన్‌లైన్‌లో కొనాలి, అక్కడ పొదుపు చేయొద్దు.

ప్రాక్టీసుకు నీళ్లు అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీదో, జనం లేని గ్రౌండులోనో, కొక్కెం లేకుండా పూస ఒక్కటే కట్టి విసరండి. పది అడుగుల దూరంలో ఒక ప్లేటు పెట్టుకుని, పూస ముందు పడి దారం తరువాత దిగేలా చేయగలిగితే చాలు. లావు లీడర్‌కీ సన్న లీడర్‌కీ చేతికి తెలిసే తేడా అక్కడే అర్థమవుతుంది.

దగ్గరలో ట్రౌట్ ఎక్కడ ఉంది?

నీలగిరిలో. ట్రౌట్ మన చేప కాదు. మద్రాసు ప్రభుత్వంలో చేపల పెంపకం నిపుణుడైన హెచ్.సి. విల్సన్ చొరవతో 1907లో ఊటీ దగ్గరి అవలాంచిలో చేపపిల్లల హేచరీ పెట్టి రెయిన్‌బో ట్రౌట్‌ను పెంచారు. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల చల్లటి నీళ్లలో ఉంది. కానీ ఆ నీళ్లలో చాలావరకు అడవి లోపలే. ఊటీలో మత్స్యశాఖనూ అటవీ శాఖనూ అడిగి, అనుమతి చేతికొచ్చాకే వెళ్లాలి. ఎవరో వెళ్లారని మనమూ వెళ్లడం తప్పు. బండిపుర మీదుగా వెళ్లేవాళ్లు అడవిలో రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుందని గుర్తుపెట్టుకుని బయలుదేరండి.

తీరిక ఉన్నవాళ్లకు హిమాచల్‌లో తీర్థన్ లోయ. అక్కడ బ్రౌన్ ట్రౌట్ ఉంది, ఈ లీడర్లకు సరిగ్గా సరిపోయే రాళ్ల నీళ్లు. లైసెన్సు తీసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా గుడ్లు పెట్టే కాలం కాబట్టి అక్కడ ట్రౌట్ వేట మూసేస్తారు.

ఇదే లీడర్‌తో కావేరిలో మహశీర్‌ను పట్టొచ్చా?

వద్దు. కావేరి మహశీర్‌ను 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. కావేరి అభయారణ్యంలో గాలం వేయడానికి వీల్లేదు. అది కాకున్నా, అంత బలమైన చేప మీద 5ఎక్స్ దారం వాడితే అది తెంపుకుని, నోట్లో కొక్కెంతో పోతుంది.

ఒకసారి కట్టిన లీడర్ ఎన్నాళ్లు వస్తుంది?

బట్ బాగా చూసుకుంటే ఒక సీజన్ మొత్తం వస్తుంది. నీళ్లలో దిగేముందు చేతుల మధ్య పట్టి మెల్లగా సాగదీస్తే రీలు చుట్ల వంకరలు పోతాయి. దారం మీద గోరు జారిస్తే గరుకుగా తగిలిన చోట కోసి మళ్లీ ముడేయండి. సైటర్ రంగు వెలిస్తే మార్చండి. టిప్పెట్‌ను మాత్రం ఉదయాన్నే కొత్తది కట్టుకోవాలి, రాళ్లకు బాగా రాసుకుందనిపిస్తే మధ్యాహ్నం ఇంకోసారి. కత్తిరించిన ముక్కలన్నీ జిప్ ఉన్న జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేయండి. ఒడ్డున వదిలేస్తే పిట్టల కాళ్లకు చుట్టుకుంటాయి.